గోదావరి డెల్టాకూ ఒక విజ్ఞాన సర్వస్వం కావాలి

సంపాదకుల వారికి,

నమస్కారాలు. జిల్లాల పునర్విభజన తరువాత మన ప్రాంత చరిత్రను కొత్త జిల్లాల వారీగా పరిచయం చేస్తూ మీ పత్రిక ఇటీవల ప్రచురించిన వ్యాసాలను శ్రద్ధగా చదివాను. ఆ శ్రమను అభినందిస్తూనే ఒక మాట మనవి చేయదలచాను. గౌతమి, వసిష్ఠ, వైనతేయ పాయల మధ్యా వాటి ఇరుపక్కలా ఏర్పడిన నేలకు జిల్లా సరిహద్దులతో సంబంధం లేదు. ధవళేశ్వరం దగ్గర వదిలిన నీరు 2022 తరువాత ఎన్ని జిల్లాల్లో పారుతున్నదో రైతుకు అవసరం లేదు, అది తన శివారు పొలానికి చేరిందా లేదా అన్నదే అతనికి కావాలి. చరిత్రను మాత్రం మనం కలెక్టరేట్ల లెక్కన ముక్కలు చేసి చెప్పుకుంటున్నాము. ఈ డెల్టా మొత్తాన్ని ఒక్కచోట, తెలుగులో, అకారాది క్రమంలో చెప్పే ప్రామాణిక గ్రంథం ఒకటి కావాలని నా అభిప్రాయం. ఈ ఆలోచన నాకు ఒక పరాయి దేశపు పుస్తకం వల్ల కలిగింది.

కార్డిఫ్ నగరంలో నర్సుగా పనిచేస్తున్న మా మేనకోడలు నిరుడు సంక్రాంతికి వస్తూ, నా అలవాటు తెలిసినది కనుక, బ్రిటన్‌లో ఇంగ్లండుకు పక్కనున్న వేల్స్ దేశపు విజ్ఞాన సర్వస్వాన్ని మోసుకొచ్చింది. వెల్ష్ రచయితల అకాడమీ పూనికతో జాన్ డేవీస్, నైజెల్ జెంకిన్స్, మెన్నా బెయిన్స్, పెరెదుర్ లించ్ అనే నలుగురు సంపాదకులు దాదాపు పదేళ్లు కృషి చేయగా, వేల్స్ విశ్వవిద్యాలయ ముద్రణాలయం 2008లో దీనిని వెలువరించింది. ఒకే సంపుటిలో సుమారు 5,000 ఆరోపాలు ఉన్నాయి (కోశకారులు ఒక్కొక్క శీర్షికను ఆరోపం అంటారు). ఆ దేశ జనాభా 2021 లెక్కల ప్రకారం 31 లక్షలు మాత్రమే. మన పాత రెండు గోదావరి జిల్లాల జనాభా 2011 నాటికే 90 లక్షలు దాటింది. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టుకుని చూసిన రాత్రి నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు.

ఆ పుస్తకంలో నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆకట్టుకున్నది అది ఒకేసారి రెండు భాషల్లో వెలువడడం. వేల్స్ సొంత భాష అయిన వెల్ష్ మాట్లాడగలవారు 2021లో ఆ దేశ జనాభాలో 17.8 శాతమే. ఇంగ్లీషులో ఒక్క ప్రతి వేస్తే అందరికీ పనికివచ్చేది, ఖర్చూ తగ్గేది. అయినా వారు వెల్ష్ ప్రతిని ముందుకో వెనక్కో నెట్టకుండా ఇంగ్లీషు ప్రతితో పాటే తెచ్చారు. అక్షరక్రమం వల్ల ఈ రెండు ప్రతులూ ఒకే పుస్తకానికి రెండు ముఖాలుగా కనిపిస్తాయి. ఇంగ్లీషులో స్వాన్సీ అని పిలిచే నగరం ఎక్కడో చివరి అక్షరాల్లో ఉంటే, అదే నగరం వెల్ష్‌లో అబెర్టవె గనుక మొదటి అక్షరంలోకే వస్తుంది. పైగా వెల్ష్‌లో రెండేసి లిపి గుర్తులు కలిసి ఒకే అక్షరంగా లెక్కకు వచ్చేవి ఉన్నాయి. వాటికి వరుసలో వేరే స్థానం ఉంటుంది. ఒక ఊరు ఏ పేరుతో ఏ అక్షరం కింద కూర్చోవాలో నిర్ణయించే అధికారం ఆ ఊరి భాషదేనన్న సంగతి ఇక్కడ కంటికి కనబడుతుంది. మన రాజమహేంద్రవరం రాజమండ్రి అయి, కాకినాడ దొరల కాగితాల్లో కొకనాడ అయిన వైనం తెలిసినవారికి దీని విలువ వేరే చెప్పనక్కరలేదు.

వెల్ష్ వారికి ఈ పట్టుదల ఊరకే రాలేదు. 1536, 1542 శాసనాలతో వేల్స్‌ను ఇంగ్లండులో కలిపినప్పుడు న్యాయస్థానాల్లోనూ పాలనలోనూ ఇంగ్లీషు ఒక్కటే చెల్లుతుందన్నారు. 1588లో విలియం మోర్గన్ బైబిలును సంపూర్ణంగా అనువదించడం వల్ల ఆ భాషకు ఒక నిలకడైన గ్రాంథిక రూపం దక్కి, అది గుడిలోనైనా బతికింది. 1847లో వేల్స్ బడుల పరిస్థితిని విచారించడానికి వెల్ష్ ఒక్క ముక్క రాని ముగ్గురు అధికారులను పంపగా, వారు ఆ భాషే ప్రజల వెనుకబాటుకు కారణమనీ, ఆ ప్రజల నీతి కూడా అంతంతమాత్రమేననీ నివేదిక రాశారు. నీలి అట్టల ఆ నివేదికను అక్కడివారు నేటికీ ‘నీలి పుస్తకాల ద్రోహం’ అని పిలుస్తారు. ఆ అవమానం జరిగిన ఏడేళ్లకు, 1854లో, డెన్‌బీ అనే చిన్న పట్టణంలో అచ్చుకూటం నడుపుతున్న థామస్ గీ వెల్ష్ భాషలో విజ్ఞాన సర్వస్వం ప్రచురణ మొదలుపెట్టి 1879 నాటికి పది సంపుటాలు పూర్తి చేశాడు. 1852లో మన ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి కాలువల్లో నీరు పారుతున్న కాలమది. 2008 నాటి గ్రంథానికి పునాది ఆ డెన్‌బీ అచ్చుకూటంలో పడింది.

మనకూ అటువంటి పునాది లేకపోలేదు. కొమర్రాజు వెంకటలక్ష్మణరావు పంతులు గారు తలపెట్టిన ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం మూడు సంపుటాల దగ్గర ఉండగా 1923లో ఆయన కన్నుమూశారు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు ఆ బరువును తలకెత్తుకున్నారు. ఆ తరువాత తెలుగు భాషా సమితి విషయాల వారీగా సంపుటాలు తెచ్చింది. ఇవన్నీ గొప్ప పనులే. కాని మన డెల్టా గురించి ఒక్కచోట చూడాలంటే నేటికీ 1878 నాటి మోరిస్ గ్రంథాన్నో, 1907 నాటి హెమింగ్‌వే గెజెటీరునో (జిల్లా వివరాల గ్రంథం) తెరవవలసి వస్తున్నది. వాటిని రాసినవారు సమర్థులు. వారు రాసింది మాత్రం శిస్తు వసూలు చేసే ప్రభుత్వం కోసం, ఇంగ్లీషులో.

ఇక వేల్స్ చరిత్రలో మన డెల్టా ముఖం కనిపించే చోట్లు రెండు మూడు చెబుతాను. బాలా పట్టణానికి సమీపంలో ట్రెవెరిన్ లోయలో కాపెల్ కెలిన్ అనే చిన్న ఊరు ఉండేది. లివర్‌పూల్ నగరానికి నీటి జలాశయం కట్టడానికి 1957లో పార్లమెంటు చట్టం చేసింది. వేల్స్ సభ్యుల్లో దానికి మద్దతు పలికినవారు దాదాపు లేరు. అయినా 1965లో ఇళ్లు, బడి, ప్రార్థనాలయం, తపాలా కార్యాలయం సహా ఆ ఊరు నీట మునిగింది. లివర్‌పూల్ నగరపాలకులు 2005లో క్షమాపణ చెప్పారు. ‘ట్రెవెరిన్‌ను మరువకండి’ అని ఒక గోడ మీద రాసిన మాట వేల్స్‌లో ఇప్పటికీ నిలిచి ఉన్నది. దీనిని చదువుతుంటే పోలవరం ముంపు కింద దేవీపట్నం మండలంలో ఖాళీ అయిన ఊళ్లు, వాటిలోని కోయల, కొండరెడ్ల ఇళ్లు కళ్ల ముందు మెదిలాయి. ఆ నీరు చివరికి మన డెల్టా చేలకే వస్తుంది. అందుచేత ఆ ఊళ్ల పేర్లు, అక్కడి రేవులు, తీర్థాలు, సంతలు, మాటతీరు రాసిపెట్టవలసిన బాధ్యత ఎగువవారి మీద ఎంత ఉన్నదో దిగువనున్న మన మీద అంతకు మించి ఉన్నది. కదిలిపోయిన కుటుంబాల పెద్దలు ఉండగానే ఈ పని జరగాలి.

1865లో మిమోసా అనే ఓడలో సుమారు 150 మంది వెల్ష్ వారు తమ భాషను కాపాడుకోవడానికి దక్షిణ అమెరికాలోని పటగోనియాకు వలసపోయారు. మన కోరంగి రేవు నుంచి, కాకినాడ నుంచి ఎందరో కూలీలు బర్మాకు పోగా, అక్కడ తెలుగువారందరికీ ‘కొరంగీలు’ అనే పేరు పడిపోయింది. పటగోనియా వలస అక్కడి పిల్లలకు పాఠంగా అందుతున్నది. కొరంగీ అనే మాట మన పిల్లల్లో ఎందరికి తెలుసు? 1839 నాటి ఉప్పెనలో దెబ్బతిన్న కోరంగి రేవులో ఒకప్పుడు సముద్రపు ఓడలు కట్టేవారన్న సంగతి, నరసాపురం పక్కనున్న మాధవాయపాలెం పేరు మీద ఒక రకం నూలు గుడ్డ ఐరోపాలో ‘మడపొల్లం’గా అమ్ముడుపోయిన సంగతి కూడా అంతే.

మన దేశంతో వెల్ష్ వారికి నేరుగా ఉన్న బంధం ఒకటి ప్రసంగవశాత్తూ చెప్పాలి. 1841లో నేటి మేఘాలయలోని ఖాసీ కొండలకు వచ్చిన థామస్ జోన్స్ అనే వెల్ష్ మిషనరీ ఖాసీ భాషకు రోమన్ లిపిని అమర్చాడు. తన భాష చిన్నచూపుకు గురికావడం ఎరిగినవాడు మరొక చిన్న భాషకు అక్షరాలు కూర్చడం నాకు ఎంతో ఆర్ద్రంగా తోచింది.

మన గ్రంథంలో ఏమేమి ఉండాలన్నదానిపై నాకు గట్టి అభిప్రాయాలున్నాయి. నన్నయ, ద్రాక్షారామ శాసనాలు, కందుకూరి వీరేశలింగం గారు, కాటన్ దొర, 1954 వరకు ఫ్రెంచి వారి ఏలుబడిలో ఉన్న యానాం ఎటూ వస్తాయి, వాటి కోసం ఎవరూ పోట్లాడనక్కరలేదు. నేను అడిగేది సార్వా (తొలి పంట), దాళ్వా (రెండో పంట), వంతులవారీ నీరు, లాకులు, ఏటిగట్లు, పుంతలు (బండి దారులు), పంటులు (ఏరు దాటించే పడవలు), కాలువను నది మీదుగా దాటించే గన్నవరం అక్విడక్టు, కొబ్బరి దింపు, ఒలుపు, లంక పొగాకు, నరసాపురం లేసు, ఆత్రేయపురం పూతరేకుల వంటి వాటి గురించి. 1986 వరద, 1996 నవంబరు తుఫాను, 2011లో కోనసీమ రైతులు ప్రకటించిన పంట విరామం గురించి. కష్టమైన సంగతులను కూడా వదలకూడదు. వేల్స్‌లోని పెన్‌రిన్ కోట జమైకా బానిసల చెరకు తోటల డబ్బుతోనూ, పలకరాతి గనుల కూలీల చెమటతోనూ లేచింది. ఆ గనుల కూలీలు 1900 నుంచి 1903 వరకు మూడేళ్లు పనికి దూరంగా నిలిచి పోరాడారు. ఆ చరిత్ర దాచకుండా చెప్పుకున్నట్టే, కాలువల కింద పండిన సిరి ఎవరి గాదెల్లోకి చేరిందో, ఎవరిని ఊరి చెరువు దగ్గరకు రానివ్వలేదో మన గ్రంథం స్పష్టంగా రాయాలి. అది లేని డెల్టా చరిత్రను నేను ఒప్పుకోను.

తెలుగు వికీపీడియాలో ఊరూరికీ పేజీ ఉన్నది కదా అని కొందరు మిత్రులు నాతో అన్నారు. ఆ స్వచ్ఛంద కృషిపై నాకు గౌరవం ఉన్నది. అయితే ఒక్కొక్క విషయాన్ని తెలిసినవారి చేత రాయించి, నలుగురు సంపాదకులు కూర్చుని దేనికి నాలుగు వాక్యాలు చాలు, దేనికి నాలుగు పుటలు కావాలని తూచి, సంతకం పెట్టి ప్రజల ముందు ఉంచే బాధ్యత వేరు.

ఈ పని విశ్వవిద్యాలయాలు తలపెట్టే వరకు ఆగనక్కరలేదు. మీ పత్రిక వారానికి ఒక అరపేజీ కేటాయించి, డెల్టా పాఠకుల నుంచి ఆరోపాలను ఆహ్వానించి, చరిత్ర, భాష, వ్యవసాయం ఎరిగిన ముగ్గురు నలుగురి చేత పరిష్కరింపజేసి ప్రచురించగలిగితే ముసాయిదా దానంతట అదే పోగవుతుంది. నా వంతుగా ‘లస్కరు’ అనే శీర్షిక కింద రెండు పుటలు రాసి ఈ లేఖతో జతచేస్తున్నాను. మా ఊరి లాకు దగ్గర ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న ఒక లస్కరు దగ్గర కూర్చుని, తలుపులు ఎత్తే పద్ధతి, గట్టు మీద రాత్రి గస్తీ, దాళ్వాలో నీటి కోసం జరిగే తగవులు ఆయన మాటల్లోనే రాసుకున్నాను. గండి పడబోయే చోటును గుర్తుపట్టే గుర్తులు ఆయన చెప్పినవి ఏడు ఉన్నాయి. వాటిని కుదించకుండా ప్రచురించవలసిందిగా ప్రార్థన.

ఇట్లు
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు,
అంబాజీపేట, కోనసీమ