మొదటి సిట్టింగ్ అయినా ఎదురెదురుగా పెట్టండి

సంపాదకుడు గారికి,

సివిల్ కేసుల్లో రాజీ చర్చలన్నీ ఇక వీడియో కాల్‌లోనే జరిపితే జనానికి బస్సు చార్జీలు, రోజు కూలి మిగులుతాయని ఈ మధ్య చాలామంది అంటున్నారు. నిజమే, మిగులుతాయి. కానీ మా ఇంటి ఆస్తి పంపకాల దావా రెండు రకాలుగానూ నడిచింది కాబట్టి, నేను చూసింది రాస్తున్నాను.

మాది పల్నాడు. నాన్న పోయాక రెండున్నర ఎకరాల పొలం, ఒక పెంకుటిల్లు దగ్గర మాట తేడా వచ్చి 2019లో చెల్లెలు దావా వేసింది. ఆరేళ్లు వాయిదాలకే పోయాయి. 2025 జులై నుంచి సెప్టెంబరు దాకా దేశమంతా కోర్టు కేసుల్లో మధ్యవర్తి సాయంతో రాజీ కుదిర్చే 90 రోజుల మీడియేషన్ డ్రైవ్ పెట్టారు కదా, నేరుగా గానీ ఆన్‌లైన్‌లో గానీ కూర్చోవచ్చన్నారు, మా కేసూ అందులోకి వెళ్లింది. చెల్లెలు విశాఖలో, తమ్ముడు హైదరాబాద్‌లో, నేను ఊళ్లో. అందుకని వీడియో అన్నారు. ఏదో కాగితం ఇస్తే సంతకాలు పెట్టాం, అది దేనికో ఎవరూ విడమరిచి చెప్పలేదు.

రెండు సిట్టింగులు అలా అయ్యాయి. మీడియేటర్ గారు ఓపికున్న మనిషి, ఆయన్ని తప్పు పట్టను. మీడియేషన్‌కి బలమంతా విడివిడిగా మాట్లాడటంలోనే ఉంది, ఎవరికి నిజంగా ఏం కావాలో మీడియేటర్‌కి మాత్రమే చెప్పుకుంటారు, వద్దంటే ఆ మాట అవతలి వాళ్లకి చేరదు, జడ్జి గారికీ చేరదు. మా చెల్లెలేమో ప్రతి జవాబుకీ ముందు ఒకసారి పక్కకి చూసేది. ఫోను స్పీకర్‌లో ఉంది, ఆ గదిలో ఇంకా ఎవరున్నారో మాకు కనపడదు. వాళ్లనే ఎందుకు అనాలి, నా పక్కనా మా అబ్బాయి కూర్చుని ఏం అనాలో కాగితం మీద రాసి చూపించాడు. ఇక మనసులో మాట ఎలా బయటికి వస్తుంది?

మూడోసారి తమ్ముడు పట్టుబట్టాడు. అందరం కోర్టు ఆవరణలోని మీడియేషన్ గదిలో కూర్చున్నాం. సర్వేయర్ గీసిన పటం బల్ల మీద పరిచారు. అదే పటం ఫోనులో ఎన్నిసార్లు చూపించినా గీతలు తప్ప ఏమీ అర్థం కాలేదు. చెల్లెలు దాని మీద వేలు పెట్టి, "అన్నయ్యా, ఇది నాన్న వేయించిన బోరే కదా, మరి నా ముక్కలోకి నీళ్లెట్లా వస్తాయి?" అంది. తన వంతు పొలం ఎండిపోతుందేమోనన్న టెన్షన్‌తోనే ఆరేళ్లు కోర్టు చుట్టూ తిరిగింది. తను కోర్టులో వేసిన దావా కాగితం, అదే ప్లెయింట్‌లో ఆ మాటే లేదు. పైపు లైనుకి మూడడుగుల దారి వదలడానికి నాకు పది నిమిషాలు కూడా పట్టలేదు.

అలాగని వీడియో వద్దనను. చనిపోయిన మా అక్క కొడుకు కువైట్‌లో ఉన్నాడు, చివరి సిట్టింగ్‌లో వాడు వీడియోలోనే షరతులన్నీ విని సరేనన్నాడు, వాడి తరఫున సంతకం చేసే అధికారపత్రం (జీపీఏ) ఉన్న మా బావగారు సంతకం పెట్టారు. రమ్మని ఉంటే వాడి ఉద్యోగమే పోయేది. భర్త ఎదుట కూర్చోవాలంటేనే వణికిపోయే ఆడవాళ్లున్నారు, వాళ్లని ఒకే గదిలో కూర్చోబెట్టడం అన్యాయం. భార్యాభర్తల కేసుల్లో రాజీ కుదరదని తేలాక, ఇద్దరూ ఒప్పుకుంటేనే వీడియో అని 2017లో సుప్రీంకోర్టు మెజారిటీ తీర్పు ఇచ్చింది, అదే బెంచ్‌లో జస్టిస్ చంద్రచూడ్ దానితో విభేదించి, వీడియోని అలా కట్టడి చేయకూడదన్నారు. నాకు ఆయన మాటే సబబనిపిస్తుంది.

అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ల పొలం తగాదాల్లో మాత్రం మొదటి సిట్టింగ్ అయినా ఎదురెదురుగా పెట్టాలి. 2023 మధ్యవర్తిత్వ చట్టం 30వ సెక్షన్‌లో ఆన్‌లైన్ మీడియేషన్‌కి ఇరుపక్షాల రాతపూర్వక అంగీకారం ఉండాలని రాశారు. ఆ అంగీకారమేంటో తెలుగులో చదివి వినిపించాకే సంతకం తీసుకోవాలి. దూరం వల్ల రాలేనివాళ్లకి వాళ్ల ఊరి కోర్టులోనే, న్యాయసేవాధికార సంస్థ ఆఫీసులో ఒక గది, ఒక స్క్రీన్ ఇచ్చి తలుపు వేసి ఒంటరిగా మాట్లాడనివ్వాలి. విశాఖలో అలాంటి గది ఇచ్చి ఉంటే మా చెల్లెలు బోరు సంగతి మొదటి రోజే చెప్పేది.

- ఒక పాఠకుడు, పల్నాడు జిల్లా