రోములో ఉన్న అమ్మలుకి

అమ్మలూ,

నువ్వు ఫోన్ చేసి ఇవాళ్టికి పందొమ్మిది రోజులు. పనిలో ఉంటుందిలే అని అమ్మకి నేనే సర్ది చెబుతున్నాను. ఈ ఉత్తరం దాని గురించి కాదు. ఉగాదికి నువ్వు పంపిన బొమ్మని, రెండొందల ఏళ్ళ కిందట రోము దృశ్యాలు రాగిరేకుల మీద చెక్కిన పిరనేసిది, చిన్నబాబు చేత పెద్ద సైజులో ప్రింటు తీయించి, ప్రెస్సులో వాడిన భూతద్దం పెట్టుకుని రోజూ చూస్తున్నాను, దాని గురించి రాద్దామని.

బొమ్మలో ఉన్న రోమన్ ఫోరమ్‌ని, అదే పాత రోము నడిబొడ్డున ఉన్న శిథిలాల చోటుని, అప్పట్లో ఆవుల మైదానం అనేవాళ్ళని నువ్వే చెప్పావు. సెప్టిమియస్ సెవెరస్ చక్రవర్తి కమాను సగానికి మట్టిలో కూరుకుపోయింది, కాస్టర్ గుడికి మూడే స్తంభాలు మిగిలాయి, మధ్యలో పశువుల నీళ్ళతొట్టి. ముందున్నవి అంత నల్లగా, దూరానివి పొగమంచులా ఎలా వచ్చాయా అని రెండు రోజులు ఆలోచించాను. రేకుని ఒకసారి యాసిడ్‌లో ముంచి తీశాక, పల్చగా ఉండాల్సిన గీతల మీద యాసిడ్ తగలకుండా వార్నిష్ పూసేసి, మిగతావాటిని మళ్ళీ మళ్ళీ యాసిడ్‌లో ముంచి ఉంటాడు. ఎంతసేపు ఉంచితే అంత లోతు, అంత నలుపు. కింద ఉన్న అక్షరాలు ఎవరు చెక్కారో గానీ, రాగిరేకు మీద అన్నీ తిరగేసి చెక్కాలి కదా, నలభై ఏళ్ళు టైపు కూర్చినవాణ్ణి, ఆ వరస చూస్తే దణ్ణం పెట్టాలనిపించింది.

పద్మత్త ఏదో అంది. నీ రేకు యాసిడ్‌లో పాడైందట, మాస్టారు గట్టిగా అన్నారట, నువ్వు స్టూడియోకి వెళ్ళడం లేదట. నేను నమ్మలేదు. నిజమైనా ఏమీ అనను.

పిరనేసి 1740లో రోము వచ్చి వాసి అనే చెక్కుడు మాస్టారి దగ్గర పని నేర్చుకునేటప్పుడు, నీలో చిత్రకారుడి పాలు ఎక్కువ, ఈ చెక్కుడు నీకు కుదరదని ఆయన అన్నాడంటారు. ఆ కుర్రాడే 1778లో పోయేదాకా రోము దృశ్యాలు 135 చెక్కాడు. కారాగారాల బొమ్మలైతే, పదేళ్ళు దాటాక 1761లో పాత రేకులే మళ్ళీ తీసి, ఇంకా నల్లగా చేసి, కొత్తవి రెండు కలిపి అచ్చు వేశాడు. రాగిని గీరి, నున్నగా రుద్ది, మళ్ళీ గీసుకోవచ్చమ్మా. ఇది నీకు తెలుసు, అయినా చెబుతున్నాను.

నేను తెనాలిలో అచ్చు బ్లాకులు చేసే షాపులో చేరిన కొత్తలో ఒక పెళ్ళి కార్డుకి గోపురం బ్లాకు చెయ్యమన్నారు. జింకు రేకుని ఒకసారి యాసిడ్‌లో ముంచి తీశాక గీతల పక్కలకి యాసిడ్‌ని ఆపే పొడి పట్టించి, వేడి చేసి, అప్పుడు మళ్ళీ ముంచాలి. నేను ఒక్కసారే ముంచేసి టీకి వెళ్ళాను. వచ్చేసరికి యాసిడ్ గీతల కిందికంటా తినేసింది, కలశాలు ఒక్కటీ లేవు. ఓనరు పదిమందిలో తిట్టాడు. ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళలేదు. స్టేషన్లో నాలుగు రాత్రులు పడుకున్నాను, వచ్చే ప్రతి రైలూ ఎక్కేద్దామనుకునేవాణ్ణి. ఐదో రోజు పొద్దున తాతయ్య వెతుక్కుంటూ వచ్చి, పక్కన కూర్చుని ఇడ్లీ పొట్లం విప్పాడు. తిన్నాక బజారుకి తీసుకెళ్ళి జింకు రేకు కొని నా చేతిలో పెట్టి, షాపు గుమ్మం దాకా వచ్చి వెళ్ళిపోయాడు. ఆ నాలుగు రోజులూ నాయనమ్మ అన్నం ముట్టలేదని నాకు మీ అక్క పుట్టాక తెలిసింది.

అమ్మ బాగానే ఉంది. రాత్రిళ్ళు మజ్జిగ తాగి పడుకుంటోంది, అంతే.

పిరనేసి కూతురు లారా కూడా రోము కట్టడాలు చెక్కింది కదా, చిన్న చిన్న రేకుల మీద. పెద్ద రేకు మీదికి మళ్ళీ చెయ్యి రాకపోతే నువ్వూ చిన్నది తీసుకో. రాగికి డబ్బు కావాలంటే మొహమాటపడకు. యాసిడ్ దగ్గర కిటికీ తెరువు, గ్లౌజులు వేసుకో, జుట్టు ముడి వేసుకో. ఆ షాపు దగ్గు నన్ను ఇప్పటికీ వదల్లేదు.

గోంగూర జాడీ మూత వదులుగా ఉందని అమ్మ బెంగ, కారిందేమో చెప్పు. రాత్రి పదకొండు దాకా మేలుకునే ఉంటాను, నీకప్పుడు ఏడున్నరే. మాట్లాడాలని లేకపోతే మిస్‌డ్ కాల్ ఇచ్చినా చాలు.

నాన్న