నాట్యం చదువుతానన్న పిల్లకు దారి చెప్పేదెవరు?

సంపాదకుడు గారికి,

ఇంటర్ ఫలితాలు వచ్చాయంటే చాలు, ఈఏపీసెట్ ర్యాంకులు, ఏ కాలేజీలో ఏ బ్రాంచికి ఎన్ని సీట్లు అన్న వివరాలతో పత్రికలు నిండిపోతాయి. కూచిపూడో, కర్ణాటక సంగీతమో, నాటకమో చదువుతానన్న పిల్లలకు మాత్రం ఆ పేజీల్లో ఒక్క ముక్కా దొరకదు. మా అమ్మాయి కోసం తిరిగాక నాకు అర్థమైంది ఇదే: కోర్సులున్నాయి, వాటి సంగతి ఒకచోట చెప్పే నాథుడే లేడు.

అసలు చిక్కు చివర్లో చేతికొచ్చే పట్టా దగ్గరుంది. ప్రభుత్వ సంగీత, నృత్య కళాశాలల్లో సర్టిఫికెట్ నాలుగేళ్లు, ఆపైన డిప్లొమా రెండేళ్లు. ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి ప్రిన్సిపాల్‌గా 1919లో మొదలైన విజయనగరం కళాశాల ఈ కోవలోదే. ఘంటసాల గారు చదివింది అక్కడే. చెన్నైలోని నృత్య, సంగీత శిక్షణ సంస్థ కళాక్షేత్ర ఏళ్ల తరబడి ఇస్తున్నదీ నాలుగేళ్ల డిప్లొమాయే. ఆ శిక్షణ గొప్పదే, కాదనను. కానీ హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో నృత్యంలో ఎంపీఏ (ప్రదర్శన కళల్లో పీజీ) చేయాలన్నా, ఢిల్లీ నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామాలో చేరాలన్నా డిగ్రీ కావాలి. రేపు మనసు మారి గ్రూప్స్ రాయాలన్నా అంతే. ఈ తేడా పిల్ల చేరకముందే చెప్పాలి కదా! ఒకచోట అడిగితే ‘మాదీ డిగ్రీతో సమానమేనండీ’ అన్నారు. ఏ ఉత్తర్వు ప్రకారం అంటే జవాబు లేదు.

నేరుగా డిగ్రీయే కావాలంటే బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో, బరోడా ఎంఎస్ విశ్వవిద్యాలయంలో బీపీఏ, అంటే ప్రదర్శన కళల్లో డిగ్రీ ఉంది. బనారస్‌కు సీయూఈటీ అనే జాతీయ ఉమ్మడి ప్రవేశపరీక్ష రాయాలి. మన ఇంటర్ ఫలితాలు వచ్చేసరికి ఆ దరఖాస్తు గడువు చాలాసార్లు దాటిపోతోంది. అంత దూరం పంపలేనివారు ఊళ్లోనే బీఏలోనో బీకాంలోనో చేర్పించి, సాయంత్రం తరగతులున్న సంగీత కళాశాలలో సర్టిఫికెట్, డిప్లొమా చేయించుకోవచ్చు. పిల్లకు శ్రమ ఎక్కువే గానీ రెండు దారులూ తెరిచి ఉంటాయి.

పట్టా ఒక్కటే చూసుకుంటే కూడా చాలదు. ఒక కళాశాలలో మమ్మల్ని ఆఫీసు గదిలో కూర్చోబెట్టి వార్షికోత్సవాల ఫొటోలు, షీల్డులు చూపించి పంపేశారు. ఇంకోచోట గంటసేపు క్లాసులో కూర్చోనిచ్చారు. టీచరమ్మ కర్రతో తాళం వేస్తూనే, వెనక వరసలో ఒక పిల్ల అరమండి (మోకాళ్లు పక్కలకు వంచి సగం కూర్చున్నట్టు నిలబడే భంగిమ) సడలడం చూసి ఆపేశారు. దగ్గరికెళ్లి మోకాళ్లు సరిచేసి, అదే జతి (తాళానికి వేసే అడుగుల వరుస) ఆ పిల్ల చేత మూడు కాలాల్లోనూ, అంటే మూడు వేగాల్లోనూ చేయించాకే ముందుకు కదిలారు. పక్కన మృదంగం వాయించే మాస్టారూ ఉన్నారు, రికార్డు పెట్టి ఆడించడం లేదు. మా అమ్మాయి ఎక్కడ చేరతానందో చెప్పనక్కర్లేదు. క్లాసు చూడనివ్వని చోట పిల్లల్ని చేర్చొద్దని తోటి తల్లిదండ్రులకు గట్టిగా చెబుతాను.

డబ్బు సంగతీ ఉంది. కేంద్ర సాంస్కృతిక శాఖ 18 నుంచి 25 ఏళ్ల యువ కళాకారులకు నెలకు రూ.5,000 చొప్పున రెండేళ్లు ఉపకారవేతనం ఇచ్చే పథకం ఉంది. మా ఊళ్లో ఏళ్లుగా నాట్యం నేర్పుతున్న మాస్టారికే ఆ సంగతి తెలియదు!

రెండు రాష్ట్రాల ఉన్నత విద్యామండళ్లు, సాంస్కృతిక శాఖలు కలిసి ఏటా జనవరిలోనే ఒక పట్టిక ప్రకటించాలి. ఏ కోర్సు డిగ్రీ, ఏది డిప్లొమా, దేన్ని దేనితో సమానంగా గుర్తించారు, రెగ్యులర్ అధ్యాపకులెందరు, గెస్ట్ ఫ్యాకల్టీ ఎందరు, ఆడపిల్లలకు హాస్టల్ ఉందా, ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తిస్తుందా అన్నవి అందులో ఉండాలి. ఆ పట్టిక ప్రతి జూనియర్ కాలేజీ నోటీసు బోర్డుకూ చేరాలి. మీ పత్రిక విద్యా పేజీలో ఏడాదికి ఒక్క ఆదివారం దీనికి చోటివ్వండి.

— ఒక తల్లి, తెనాలి