ఆవకాయ ఏ అడ్రసుకి పంపను?

చిరంజీవి చిన్నాకి,

ఇక్కడ అందరం బాగున్నాం. నాన్న షుగర్ అదుపులోనే ఉంది కానీ, రావమ్మత్త ఇంటికెళ్తే కాఫీలో చక్కెర వేయించుకుంటున్నారు. ఆవకాయ పెట్టేశాను. బుజ్జి సంబంధం ఇంకా తేలలేదు.

కోదాడలో ఎవరో కుర్రాళ్లు ఉగాదికి ఫ్లెక్సీ కట్టారట. యూనిఫాంలో నువ్వు, పక్కన ఇద్దరు నాయకులు. రవి మామ ఫోన్లో చూపించాడు. రాజకీయాల్లోకి రావడానికి నువ్వు రాజీనామా పేపర్లు పెట్టేశావని కూడా అన్నాడు. నేను పట్టించుకోలేదులే. సర్వీసులో ఉన్నవాళ్లు పార్టీల జోలికి పోకూడదని నీకు నేను చెప్పాలా?

నీళ్లు కాచి తాగుతున్నావా? పోయినసారి ఫొటోలో చిక్కిపోయి కనిపించావు.

మామకి ఉత్తమ్ కుమార్ రెడ్డి గారే ఉదాహరణ. 'ఆయనా ఎయిర్‌ఫోర్స్ నుంచి వచ్చినాయనే కదక్కా' అంటాడు. నిజమే, మిగ్-21లు, మిగ్-23లు నడిపారు, రాష్ట్రపతి భవన్‌లోనూ పనిచేశారు. మామకి గెలుపులే గుర్తుంటాయి. 1994లో మొదటిసారి కోదాడలో నిలబడితే ఓడిపోయారు. 1999 దాకా ఆగాల్సి వచ్చింది. 2004లో మళ్లీ కోదాడ, 2009 నుంచి హుజూర్‌నగర్. 2018లో రాష్ట్ర కాంగ్రెస్ (పీసీసీ) అధ్యక్షుడిగా ఉండి తన సీటు నిలుపుకున్నారు, పార్టీకేమో 119లో 19 వచ్చాయి. అధికారం వచ్చేదాకా గడ్డం తీయనని పట్టుబట్టారు కూడా. 2019లో నల్లగొండ ఎంపీ అయ్యి హుజూర్‌నగర్ వదిలేస్తే, ఉప ఎన్నికలో భార్య పద్మావతి గారు ఓడిపోయారు. 2023లో ఇద్దరూ గెలిచారు, ఆయన నీటిపారుదల మంత్రి అయ్యారు. 1994 నుంచి లెక్కేసుకో. అన్నట్టు, కోడలు ఏమంటోంది?

శంకరం పెదనాన్న సర్పంచ్‌కి నిలబడినప్పుడు నువ్వు చిన్నవాడివి. సుబేదారుగా రిటైరై వచ్చాడు కదా, పొద్దున ఆరింటికి మీటింగ్ అన్నాడు. జనం ఏడున్నరకి వచ్చారు. రెండు వరసల్లో నిలబెట్టి అందరికీ చివాట్లు! మందు పొయ్యనన్నాడు, మంచిదే. రోడ్డు ఎటు పడాలో నోటుబుక్కులో గీసి అందరికీ చూపించాడు. ఆ గీత సొంత బావమరిది దొడ్లోంచి పోయింది. అవతలివాడు చేసిందల్లా ఇల్లిల్లూ తిరిగి 'ఏం వదినా, ఏం కూర?' అనడమే. బావమరిది ఓటు కూడా అటే పడింది. ఆ ఎన్నికల ఖర్చుకి చెరువు కింది అరెకరం పోయింది. 'మిలటరీలో ఎస్ సార్ అంటే పని అయినట్టు, ఇక్కడ అలాగే బాబాయ్ అంటే కానట్టు' అని పెద్దమ్మ దగ్గర ఎన్నాళ్లు వాపోయాడో.

వద్దనడం లేదు. చెప్పకూడదు అనుకుంటూనే చెప్తున్నా, ఆఫీసర్లకి పెన్షన్ రావాలంటే 20 ఏళ్లు నిండాలి కదా. ఈ మధ్యలో వదిలేస్తే ఎలా? ఫ్లెక్సీ కట్టినవాళ్లు పిల్లల ఫీజులు కడతారా? ఇంటి లోన్ కూడా ఉంది. నాన్నకి ఇంకా చెప్పలేదు, టెన్షన్ పడతారు.

రెండు ఆదివారాలుగా ఫోన్ లేదు. ఎండకి తలకి గుడ్డ కట్టుకో. ఆవకాయ డబ్బా సీల్ వేయించి ఉంచాను. క్వార్టర్స్ అడ్రసుకే పంపనా, మారిందా?

ఇట్లు,
మీ అమ్మ