తిట్టుకో, కానీ ముందు ఇది చదువు

ఒరేయ్,

నీ ఉత్తరానికి రెండు నెలలుగా జవాబు రాయలేదు, తిట్టుకో. అందరం బాగానే ఉన్నాం. ఉద్యోగం ఎప్పటిలాగే ఏడుస్తోంది, జుట్టు ఇంకాస్త ఊడింది. అవన్నీ తర్వాత. గిటార్ తీగ మోగిందిరా! నేను మీటకుండానే!

తీగకి దగ్గరగా పెడితే మీటకుండానే మోగించే ఆ ఈబో చేతిలో పట్టుకుని "ఇదెంత, రెండు నిమిషాల పని" అన్నావు, గుర్తుందా? నీ రెండు నిమిషాలకి నాకు మూడు వారాలు పట్టింది. ఈబో ఒకసారికి ఒక్క తీగనే మోగిస్తుంది, పైగా ఒక చెయ్యి దానికే అంకితం. నాకేమో గిటార్‌లోనే కూర్చుని ఆరు తీగల్నీ చూసుకునేది కావాలి. తీగలు బిగించిన బ్రిడ్జి దగ్గర వాటి కదలికని పట్టే పికప్‌ సిగ్నల్‌ని చిన్న యాంప్‌తో పెంచి నెక్ దగ్గర రాగి వైరు చుట్టిన కాయిల్‌కి ఇస్తే, అది తీగని లాగుతూ వదులుతూ ఉంటుంది. అంతే కదా? అంతేనట!

యాంప్‌కి ఎల్ఎమ్386 చిప్, 9 వోల్టుల బ్యాటరీ. కాయిల్‌ నిరోధం 8 ఓంలు రావాలంటే 0.2 మిల్లీమీటర్ల రాగి వైరు 15 మీటర్లు చాలని లెక్కేసి చుట్టడం మొదలుపెట్టాను. 90 చుట్ల దాకా లెక్కపెట్టానో లేదో ఫోన్ మోగింది. ఆ తర్వాతదంతా నీ క్యారమ్స్ స్కోరే. చుట్లు కదిలితే కాయిలే కీచుమంటుందని మధ్యమధ్యలో జిగురు పూశాను. ఆ జిగురు వేళ్లకి... సరే, వదిలెయ్.

స్విచ్ వేసి లావు ఇ తీగ మీటాను. టక్కున చచ్చింది. మామూలుగా మోగేంత సేపు కూడా మోగలేదు! చిప్ కాలిందనుకుని మార్చాను. అదే చావు. సోల్డరింగ్ అంతా ఊడదీసి మళ్లీ వేశాను. ఏడవడమొక్కటే తక్కువ. అర్ధరాత్రి దాటాక లైటు తీసేసి పడుకున్నాను, అప్పుడు తట్టింది. కాయిల్ పనిచేయకపోతే తీగ మామూలుగా మోగాలి కదా? తొందరగా ఆగుతోందంటే పనిచేస్తున్నట్టే! తీగ ఇటు వస్తుంటే అది అటు లాగుతోంది, అచ్చం మనిద్దరం సోఫా మోసినట్టు. లేచి కాయిల్ రెండు కొసల్నీ అటుదిటు మార్చాను.

మీటే పిక్ వెతుక్కుంటుండగానే మొదలైంది. ముందు తీగ అంచులు మసకబారాయి, చప్పుడు లేదు. మసక వెడల్పైంది. అప్పుడు సన్నగా గుంయ్‌మని మొదలై గదంతా నిండింది. చిటికెన వేలు ఆనిస్తే ఆగుతుంది, తీస్తే మళ్లీ లేస్తుంది. ఎంతసేపు ఆడుకున్నానో చెప్పను. ఆ పూట నువ్వు పక్కన లేవని మాత్రం కోపమొచ్చింది.

సన్న ఇ తీగ ఇంకా మొండికేస్తోంది. గెయిన్, అంటే యాంప్ సిగ్నల్ని పెంచే మోతాదు, ఎక్కువ చేస్తే కాయిల్ చేసే గోల నేరుగా పికప్‌కే తగిలి చెవులు పగిలేలా కీచుమంటోంది. మధ్యలో రేకు అడ్డం పెడితే ఎలా ఉంటుందంటావ్? లేదా కాయిల్ని ఇంకాస్త...

ఉండు, పక్కగదిలోంచి గుంయ్ అంటోంది. స్విచ్ ఆపినట్టు లేను. నాన్న లేచారు. మళ్లీ రాస్తా