మ్యాపులో కనిపించని డ్రోన్ నిషేధాలు

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారములు.

ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్న మా మనవడు మోటార్లు, రెక్కలు, బ్యాటరీ విడివిడిగా తెప్పించుకుని సెలవుల్లో ఇంట్లోనే ఒక డ్రోన్‌ను బిగించుకున్నాడు. బరువు 600 గ్రాములకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. నూరు రూపాయల రుసుము చెల్లించి, దానికి గుర్తింపు సంఖ్య తీసుకుని, ఆ సంఖ్యను చిన్న చీటీ మీద రాసి అంటించి, గత చలికాలంలో ఒక ఆదివారం పొద్దున్నే విశాఖ శివారు మధురవాడ అవతల ఇళ్లింకా కట్టని ఒక లేఅవుట్‌కు నన్ను తోడు తీసుకెళ్లాడు. కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ మ్యాపులో ఆ చోటు ఆకుపచ్చగా, అంటే అనుమతి అడగకుండా ఎగరేయదగ్గదిగా, ఉన్నట్టు ఫోనులో నాకు చూపించిన తర్వాతే దాన్ని పైకి లేపాడు. పది నిమిషాలు గడవక ముందే ఇద్దరు పోలీసులు వచ్చి, ప్రముఖుల పర్యటన ఉన్నందున నగరంలో డ్రోన్లను నిషేధించారని చెప్పి దించమన్నారు. వారు దురుసుగా మాట్లాడలేదు, ఆ మాట ముందే చెప్పాలి. డ్రోన్‌ను తీసుకెళ్లి, మర్నాడు హామీపత్రం రాయించుకుని తిరిగి ఇచ్చేశారు. ఆ ఉత్తర్వు ప్రతిని ఒకసారి చూపించమని అడిగితే మాత్రం "పైనుంచి చెప్పారు మాస్టారూ" అన్న సమాధానమే వచ్చింది. తర్వాత వెతగ్గా వెతగ్గా ఒక దినపత్రిక జిల్లా పేజీలో అడుగున నాలుగు వరుసల వార్తగా దాని జాడ దొరికింది.

తప్పు ఎవరిదో తేల్చడానికి ఈ లేఖ రాయడం లేదు. భౌతికశాస్త్రం చెప్పి విరమణ పొందిన వాణ్ణి కనుక, తెలియని విషయాన్ని మొదటినుంచీ చదువుకోవడం అలవాటు. అలా చదివిన మీదట, చట్టం తెలియకపోవడం కంటే, ఏ చట్టం ఎవరి చేతిలో ఉందో తెలియకపోవడమే విశాఖలో సరదాకు డ్రోన్ ఎగరేసేవారికి అసలు చిక్కు అని నాకు అర్థమైంది.

మన రాష్ట్రానికి ప్రత్యేకంగా డ్రోన్ చట్టం ఉందేమోనని చాలామంది అనుకుంటారు. విమానాలు, విమానయానం రాజ్యాంగం ఏడో షెడ్యూలులోని కేంద్ర జాబితాలో 29వ అంశం. అందువల్ల ఆకాశంలో ఎవరు, ఎంత ఎత్తున, ఎక్కడ ఎగరేయవచ్చో చెప్పే అధికారం ఢిల్లీదే. 2021 ఆగస్టు 25న వెలువడిన డ్రోన్ నిబంధనలు ఆ అధికారం కింద వచ్చినవే. 2024లో విజయవాడ వద్ద కృష్ణ ఒడ్డున 5,500 డ్రోన్లతో జరిగిన ప్రదర్శనను మనమంతా కళ్లప్పగించి చూశాం, రాష్ట్ర ప్రభుత్వం డ్రోన్ విధానం కూడా ప్రకటించింది. అయితే ఆ విధానం పరిశ్రమలను రప్పించడం గురించి, శిక్షణ గురించి, పొలాల్లో మందు పిచికారీ వంటి వాడకాల గురించి. ఆదివారం పూట మనవడితో మైదానానికి వెళ్లే తాత గురించి అందులో వెతకడం వృథా.

కేంద్ర నిబంధనలు మాత్రం అభిరుచి కోసం ఎగరేసేవారి పట్ల ఉదారంగానే ఉన్నాయి. 250 గ్రాముల లోపువి నానో, 2 కిలోల వరకు మైక్రో తరగతి. నానో డ్రోన్‌కు గానీ, వ్యాపారం కోసం కాకుండా ఎగరేసే మైక్రో డ్రోన్‌కు గానీ పైలట్ ధ్రువపత్రం అక్కర్లేదు. చదువుకు, పరిశోధనకు, వినోదానికి కంటికి కనిపించేంత దూరంలోనే నడిపే నమూనాలకు 25 కిలోల వరకు టైప్ సర్టిఫికెట్, అంటే ఆ రకం డ్రోన్ ప్రమాణాలకు సరిపోతుందన్న ధ్రువపత్రం, కూడా అడగరు. పెళ్లిళ్లకు అద్దెకు తిప్పే డ్రోన్ సంగతి వేరు, అది వ్యాపారం కిందికి వస్తుంది. ఈ తేడా తెలియని పెళ్లి వీడియోల వారు మన నగరంలో తక్కువేమీ కాదు. నానోలను మినహాయిస్తే, మోటారు వాహనాలకు ఉన్నట్టే థర్డ్ పార్టీ బీమా ఉండాలన్న నిబంధన ఉంది, దాన్ని పట్టించుకుంటున్నవారు నాకు ఇంతవరకు ఒక్కరూ తారసపడలేదు. ఇంకొక మాట: 2022 ఫిబ్రవరి నుంచి విదేశీ డ్రోన్ల దిగుమతిపై నిషేధం ఉన్నందున, దుబాయి నుంచో అమెరికా నుంచో వచ్చే బంధువుల సూట్‌కేసులో డ్రోన్ తెప్పించుకోవాలనుకునే వారు ముందే ఆగి ఆలోచించడం మేలు. విడిభాగాలకు ఆ నిషేధం లేదు, మావాడు బిగించుకున్నది అందుకే.

ఇక ఆకాశాన్ని ఆకుపచ్చ, పసుపు, ఎరుపు మండలాలుగా విభజించారు. ఆకుపచ్చలో 400 అడుగుల వరకు, అంటే సుమారు 120 మీటర్ల వరకు, ఎవరి అనుమతీ లేకుండా ఎగరేయవచ్చు. రాకపోకలు సాగే విమానాశ్రయం ప్రహరీ నుంచి 8 కిలోమీటర్లు దాటి 12 కిలోమీటర్ల లోపు ఉన్న ప్రాంతంలో ఆ హద్దు 200 అడుగులే. అంతకు పైన పసుపు మండలం, అక్కడ ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ అనుమతి కావాలి. ఎరుపులో కేంద్ర ప్రభుత్వం అనుమతి ఉంటే తప్ప కుదరదు. దేశంలో ఎక్కువ ఊళ్లకు ఈ లెక్క సులువు, విశాఖకు కాదు. మన విమానాశ్రయం నౌకాదళానికి చెందిన ఐఎన్ఎస్ డేగా ఆవరణలో ఉంది, గోపాలపట్నం, ఎన్ఏడీ కూడలి దాని పక్కనే. తీరం వెంట తూర్పు నౌకాదళ ప్రధాన కార్యాలయం, డాక్‌యార్డు, భీమిలి దారిలో ఐఎన్ఎస్ కళింగ ఉన్నాయి. పోర్టు, చమురు శుద్ధి కర్మాగారం, ఉక్కు కర్మాగారం సరేసరి. 2021 జూన్‌లో జమ్మూ వైమానిక స్థావరంపై డ్రోన్లతో దాడి జరిగిన తర్వాత, నౌకాదళం తన స్థావరాల చుట్టూ 3 కిలోమీటర్ల మేర డ్రోన్లు ఎగరకూడదని హెచ్చరికలు జారీ చేసింది. ఆ జాగ్రత్తను తప్పుపట్టే పౌరుడు ఈ ఊళ్లో ఉండడు. అయితే ఆర్కే బీచ్‌లో కురుసుర జలాంతర్గామి ముందు నిలబడి కెమెరా డ్రోన్‌ను పైకి పంపాలని సరదాపడే పర్యాటకుడికి తాను నౌకాదళం ముంగిట్లో నిలబడి ఉన్నానన్న సంగతి తెలిపే బోర్డు నాకు అక్కడ కనిపించలేదు. భోగాపురం విమానాశ్రయం లెక్కలోకి వచ్చేసరికి భీమిలి వైపు ఈ హద్దుల వలయాలు మళ్లీ మారతాయి, అప్పుడు నేటి అలవాటు రేపటి ఉల్లంఘన అవుతుంది.

వీటన్నిటికంటే నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది మాకు ఎదురైన నిషేధం. స్థానిక అవసరాల కోసం రాష్ట్ర ప్రభుత్వం గానీ పోలీసులు గానీ తాత్కాలిక ఎరుపు మండలాన్ని ప్రకటించే వీలును డ్రోన్ నిబంధనలే కల్పించాయి. దాన్ని ఎస్పీ హోదాకు తగ్గని అధికారి ప్రకటించాలి, ఒక్కోసారి 96 గంటలకు మించకూడదు, అవసరమైనంత మేరకే ఉండాలి, ఆ మ్యాపు ఉండే కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ వేదిక డిజిటల్ స్కైలో తెలియజేయాలి. ఎగరేసేవాడు కూడా ఎగరేసే ముందు అక్కడ ఆంక్షలున్నాయేమో చూసుకుని తీరాలి. ఇరువైపులా బాధ్యత పెట్టిన చక్కని ఏర్పాటు ఇది. వాడుకలో మాత్రం నిషేధాలు తరచూ ఆ దారిన రావు. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 163వ సెక్షన్ కింద, అంటే మనకు పాత 144గా తెలిసిన అధికారం కింద వస్తాయి. అటువంటి ఉత్తర్వు రెండు నెలల దాకా అమలులో ఉండవచ్చు, దాన్ని మ్యాపులో చూపాలన్న నియమం లేదు. శాంతిభద్రతలు రాష్ట్ర జాబితాలోని అంశం కనుక ఆ అధికారం లేదని నేను వాదించను. కానీ కేంద్రం చూసుకోమన్న చోట చూసుకుని ఆకుపచ్చ కనిపించాక ఎగరేసిన కుర్రవాడు, తన కంటపడే మార్గం లేని ఉత్తర్వును ధిక్కరించినవాడుగా ఠాణాలో నిలబడవలసి రావడం ఏ న్యాయమో అధికారులే ఆలోచించాలి. డిసెంబరు 4న నౌకాదళ దినోత్సవం, దానికి ముందు రిహార్సళ్లు, నౌకా సమీక్షలు, సదస్సులు, ప్రముఖుల రాకపోకలు. ఏడాదిలో ఇలాంటి రోజులు మిగతా ఊళ్లకంటే మనకు ఎక్కువే.

అందువల్ల నగర పోలీసు కమిషనరేట్‌కు, జిల్లా యంత్రాంగానికి మీ పత్రిక ద్వారా నా విన్నపం ఇది. డ్రోన్లపై ఎప్పుడు నిషేధం విధించినా దాన్ని డిజిటల్ స్కైలో తాత్కాలిక ఎరుపు మండలంగా కూడా చేర్పించాలి. ఉత్తర్వు ప్రతిని తెలుగులో, ఏ కూడలి నుంచి ఏ కూడలి వరకు, ఏ తేదీ ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల వరకు అన్న వివరాలతో అదే రోజు కమిషనరేట్ వెబ్‌సైట్‌లో ఉంచాలి. "నగరమంతటా, తదుపరి ఉత్తర్వుల వరకు" అన్న మాటతో సరిపెట్టకూడదు. ఆర్కే బీచ్, తెన్నేటి పార్కు, కైలాసగిరి, రుషికొండ, యారాడ వద్ద ఆ చోటు ఏ మండలంలో ఉందో తెలిపే బోర్డులు పెట్టడానికి అయ్యే ఖర్చు నగరపాలక సంస్థ జీవీఎంసీకి పెద్ద భారం కాదు. వలయాలన్నిటికీ వెలుపల, నౌకాదళం సమ్మతించిన ఒక ఖాళీ మైదానాన్ని వారానికి ఒక పూట ఈ పిల్లలకు కేటాయిస్తే, బీచ్‌లో జనం నెత్తిన, అపార్ట్‌మెంట్ల కిటికీల ముందు తిరిగే డ్రోన్లు చాలావరకు అక్కడికి చేరతాయి. కిటికీల మాట ఎందుకన్నానంటే, ఇతరుల ఏకాంతంలోకి కెమెరాతో తొంగిచూడటం ఆకుపచ్చ మండలంలోనూ తప్పే, ఆ విషయంలో పోలీసులు ఎంత కఠినంగా ఉన్నా నాకు అభ్యంతరం లేదు.

మా మనవడి డ్రోన్ ప్రస్తుతం అటక మీద ఉంది. నగరంలో ఈ రోజు నిషేధం అమలులో ఉందా లేదా అని ఈ లేఖ రాసే ముందు ఆ మ్యాపులో మళ్లీ చూశాను. మేము పట్టుబడిన లేఅవుట్ ఆ ఆదివారం ఎలా ఉందో ఇప్పుడూ అలాగే ఆకుపచ్చగా ఉంది. దాన్ని నమ్మి డ్రోన్‌ను అటక దించాలో లేదో ఎవరిని అడగాలో తెలియక మిమ్మల్ని ఆశ్రయిస్తున్నాను.

ఇట్లు,
విశ్రాంత అధ్యాపకుడు,
ఎం.వి.పి. కాలనీ, విశాఖపట్నం.