ఇంజన్‌కి వారంటీ ఉందట, ఇంజన్ పోయిన కారణానికి లేదట: మంత్రి గారికి ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన వినియోగదారుల వ్యవహారాల శాఖ మంత్రి గారికి,

నమస్కారం. ఖమ్మం నుంచి రాస్తున్నాను. నాకు ఇక్కడ చిన్న డీటీపీ, జిరాక్స్ షాపు ఉంది. పెన్షన్ ఆగిందనీ, పాస్‌బుక్‌లో పేరు తప్పు పడిందనీ వచ్చేవాళ్లకు పదేళ్లుగా అర్జీలు టైప్ చేసి ఇస్తున్నాను. అర్జీ ఎలా రాయాలో, ఏ కాగితాలు జత చేయాలో నాకు తెలుసు. జూన్‌లో ఒకటి, జులైలో ఒకటి, సెప్టెంబరులో ఒకటి, మొత్తం మూడు అర్జీలు నా కారు వారంటీ గురించి నా కోసం నేనే రాసుకున్నాను. మూడింటికీ నంబర్లు వచ్చాయి, జవాబు మాత్రం రాలేదు. అందుకే ఇలా అందరి ముందూ రాయాల్సి వస్తోంది. ఎక్కడైనా మాట కటువుగా వస్తే మన్నించండి.

2025 మార్చి 21న హైదరాబాద్‌లో ఒక డీలర్ దగ్గర 2018 మోడల్ డీజిల్ కారు కొన్నాను. ధర 4,65,000 రూపాయలు. లక్షన్నర చేతి నుంచి కట్టాను, మిగతాది లోన్. నెలకు 8,700 చొప్పున నాలుగేళ్లు కట్టాలి. ఇలాంటి కారే మా ఊళ్లో తెలిసినాయన నలభై వేలు తక్కువకు ఇస్తానన్నాడు. అయినా డీలర్ దగ్గరికి ఎందుకు వెళ్లానంటే, వారంటీ కోసం. ఆరు నెలలు లేదా 7,500 కిలోమీటర్లు, ఇంజన్‌కూ గేర్‌బాక్స్‌కూ పూర్తి వారంటీ అన్నారు. రెండు వందల పాయింట్లు చెక్ చేశామని ఒక కాగితం చేతిలో పెట్టారు. కారు గురించి నాకు ఏమీ తెలియదు సార్. తెలియదు కాబట్టే ఆ కాగితానికి నలభై వేలు ఎక్కువ ఇచ్చాను.

సరిగ్గా 47 రోజులు నడిచింది. మే 7న అమ్మకు కంటి ఇంజెక్షన్ ఉంటే హైదరాబాద్ బయల్దేరాం. అమ్మకు మోకాళ్లు అరిగిపోయాయి, బస్సు మెట్లు ఎక్కలేదు. కారు కొన్నదే ఆమె కోసం. నకిరేకల్ దాటాక మీటర్ బోర్డులో ఎర్ర లైటు వెలిగింది. వెంటనే పక్కకు తీసి ఆపాను. బానెట్ సందుల్లోంచి ఆవిరి వస్తోంది. టోయింగ్ బండి వచ్చేసరికి మూడున్నర గంటలు పట్టింది. ఆ ఎండలో అమ్మ తల మీద తడి తువ్వాలు వేసుకుని వేపచెట్టు కింద కూర్చుంది. ఇంజెక్షన్ అపాయింట్‌మెంట్ పోయింది. టోయింగ్‌కి 6,500 అయింది.

డీలర్ చెప్పిన వర్క్‌షాపులో నా ఎదురుగానే ఇంజన్ ఆయిల్ మూత తీశారు. మూత లోపలంతా పాలు ఎక్కువైన టీ రంగులో చిక్కటి నురగ. రేడియేటర్ నీళ్లు ఆయిల్‌లో కలిశాయి, ఆ రెండూ కలవకుండా ఇంజన్ లోపల ఆపే హెడ్ గ్యాస్కెట్ పోయింది, 86,000 అవుతుంది అన్నారు. ఇంజన్‌కి వారంటీ ఉంది కదా అని నేను ధైర్యంగానే ఉన్నాను. అప్పుడు అక్కడి సూపర్‌వైజర్ అన్న మాట ఇప్పటికీ చెవుల్లో ఉంది. “సార్, ఇంజన్‌కి వారంటీ ఉంది. కానీ ఇంజన్ పోయింది రేడియేటర్ హోస్ లీకవడం వల్ల. హోస్ అంటే రబ్బరు పైపు. రబ్బరు పార్టులకు వారంటీ లేదు. వారంటీ లేని పార్టు వల్ల ఇంకేది పోయినా దానికీ లేదు.”

వారంటీ పుస్తకం తొమ్మిదో పేజీలో నిజంగానే అలా ఉంది. ఆ పుస్తకం పద్నాలుగు పేజీలు, మొత్తం ఇంగ్లిష్, చీమ తలంత అక్షరాలు. డబ్బంతా కట్టి, కారు ఇంటికి తెచ్చుకున్న మర్నాడు వాట్సాప్‌లో లింకు పంపారు. అందులో హోస్‌లకు లేదు, బెల్టులకు లేదు, సెన్సార్లకు లేదు, వాటర్ పంపుకి లేదు, వైరింగ్‌కి లేదు. ఇంజన్ దానంతట అది పోదు కదా సార్? వీటిలో ఏదో ఒకటి పోతేనే ఇంజన్ పోతుంది. అలాంటప్పుడు ఆరు నెలల పూర్తి వారంటీ దేనికి ఇచ్చినట్టు?

వారం తర్వాత మా ఊరి మెకానిక్‌ని వెంటబెట్టుకుని వెళ్లాను. ఆయన ఆ హోస్ ఊడదీసి నా చేతికిచ్చాడు. రేడియేటర్‌కి తగిలించే చివర బూడిద రంగులో గట్టిగా ఏదో అంటుకుని ఉంది. గోరుతో గీరితే ఊడలేదు. అది ఎం-సీల్. చీలిన హోస్‌కి ఎవరో ఎం-సీల్ పెట్టి, పైన క్లిప్పు బిగించి, ఆ క్లిప్పు కనపడకుండా నల్లరంగు పూశారు. ఆ రంగు రేడియేటర్ మీద కూడా పడింది. నేను కొన్నాక, దారిలో కారు ఆగేదాకా బానెట్ ఎవరూ విప్పలేదు. డీలర్ ఇచ్చిన చెకింగ్ కాగితం తీసి చూపించాను. “కూలెంట్ హోస్‌లు, లీకేజీ” అన్న వరుసలో, అంటే ఆ రేడియేటర్ నీళ్ల పైపుల వరుసలోనే, పచ్చ టిక్కు ఉంది. ఆ టిక్కు పెట్టినవాళ్లు బానెట్ తీసి చూసి ఉంటే అబద్ధం రాశారు, చూడకుండా ఉంటే అదీ అబద్ధమే.

దాంతో డీలర్ వాళ్లు కారణం మార్చారు. వేడెక్కినా ఆపకుండా నడిపారన్నారు. ఆ మోడల్‌లో వేడి చూపించే ముల్లే లేదు, లైటు మాత్రమే ఉంటుంది. నీళ్లు పూర్తిగా కారిపోతే ఆ లైటు కూడా ఆలస్యంగా వెలుగుతుందని మెకానిక్ చెప్పాడు. అది చెబితే, మధ్యలో సర్వీస్ చేయించిన రికార్డు ఏదన్నారు. కొని 47 రోజులైతే ఏ సర్వీస్ చేయించాలి? మూడు వారాల్లో మూడు కారణాలు చెప్పారు. ఆ తర్వాత ఫోన్ ఎత్తడం మానేశారు. కారు వర్క్‌షాపులో ఉన్నందుకు రోజుకు 200 పార్కింగ్ కట్టమని మెసేజ్ మాత్రం క్రమం తప్పకుండా వస్తోంది. నడవని కారుకి నెలనెలా 8,700 కడుతున్నాను. అమ్మను అద్దె కారులో తీసుకెళ్తున్నాను. ఈ టెన్షన్‌కి నిద్ర కూడా సరిగా పట్టడం లేదు.

మంత్రి గారూ, చట్టం లేదని నేను అనడం లేదు. సరైన పరీక్ష చేయకుండా వస్తువు మన్నికకు వారంటీ ఇవ్వడం అనుచిత వ్యాపార పద్ధతి అని 2019 వినియోగదారుల రక్షణ చట్టంలోనే రాశారు. నిలబెట్టుకునే అవకాశం లేని వారంటీ ఇవ్వడం కూడా అందులోకే వస్తుంది. నా చేతిలో ఉన్న ఎం-సీల్ ముక్క దానికి రుజువే కదా! కేసు వేసుకోమంటారు. వేస్తాను. 5 లక్షల లోపు కొనుగోలుకి ఫీజు లేకుండా చేశారు, అది మాలాంటి వాళ్లకు నిజంగా మేలు. కానీ లాయర్ గారు ఇంకో మాట చెప్పారు. వారంటీలో పెట్టిన షరతులే అన్యాయం అని అడగాలంటే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి ఆ అధికారం లేదట, హైదరాబాద్‌లో రాష్ట్ర కమిషన్‌కే వెళ్లాలట. ఇంజన్‌ని పరీక్షకు పంపాల్సి వస్తే చట్టం ఇచ్చిన గడువే ఐదు నెలలు. ఒక హోస్ ముక్క కోసం, షాపు మూసుకుని, రెండు వందల కిలోమీటర్లు ఎన్నిసార్లు తిరగమంటారు?

2023 ఏప్రిల్ నుంచి పాత వాహనాల డీలర్లకు రవాణా శాఖ అనుమతి ఉండాలన్నారు. తమ దగ్గరున్న కారుని ఎక్కడికి, ఎందుకు తిప్పారో రిజిస్టర్‌లో రాయాలని కూడా పెట్టారు. మంచిదే. మరి ఆ కారులో ఏది బాగుంది, ఏది బాగాలేదు అన్నది కొనేవాడికి రాసివ్వాలని ఎందుకు పెట్టలేదు? 2025 జనవరి నుంచి ఈ డీలర్ల మార్జిన్ మీద, అంటే కొన్న ధరకూ అమ్మిన ధరకూ ఉన్న తేడా మీద, జీఎస్టీ 18 శాతం చేశారు. ఆ భారం చివరికి మా మీదే పడుతుంది. పన్ను తీసుకుంటున్నప్పుడు మా గోడు కూడా వినాలి కదా.

మా బాబాయి కొడుకు డాలస్‌లో ఉంటాడు. అక్కడ డీలర్ పాత కారు అమ్మకానికి పెడితే దాని మీద అందరికీ కనపడేలా ఒక కాగితం పెట్టాలట. వారంటీ ఉందా, ఉంటే వేటికి, లేక ఉన్నది ఉన్నట్టు అమ్ముతున్నారా అని. నాకు అలాంటి కాగితం ఒక్కటి, తెలుగులో, డబ్బు కట్టకముందు కనిపించి ఉంటే ఈ లేఖ రాసే పనే ఉండేది కాదు.

దయచేసి అలాంటి కాగితం తప్పనిసరి చేయండి. ఇంజన్‌కి వారంటీ అని చెప్పినవాళ్లు దాన్ని పాడుచేసే పార్టులకూ బాధ్యత వహించేలా చూడండి. టిక్కు పెట్టినవాళ్ల సంతకం ఆ టిక్కు పక్కన ఉండేలా చూడండి. కొన్న రెండు మూడు నెలల్లో ఇంజన్ పోతే, తప్పు తమది కాదని డీలరే నిరూపించుకోవాలి తప్ప మేం కాదు. ముందుగా నా మూడు అర్జీల్లో ఒక్కదానికైనా జవాబు ఇప్పించండి. కుదరదు అన్నా సరే, ఆ మాటే రాసి పంపండి.

ఆ హోస్ ముక్కనీ, పచ్చ టిక్కు పెట్టిన కాగితాన్నీ ఒకే కవర్లో పెట్టి మా షాపు సొరుగులో దాచాను. మీ తరఫున ఎవరు వచ్చినా తీసి చూపిస్తాను. షాపు ఉదయం తొమ్మిదిన్నర నుంచి రాత్రి ఎనిమిది దాకా తెరిచే ఉంటుంది.

ఇట్లు,
ఖమ్మం నుంచి ఒక వినియోగదారుడు